చంద్రమ్మకు శాలువా

"శాలువానా!" అని అరిచింది ప్రిస్కిల్లా. ఆ అరుపుకి ఉయ్యాలలో పడుకున్న చిన్ను ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకున్నాడు.

ఎదురుగా నిలబడ్డ నితీష్ బిక్కచచ్చిపోయాడు. పాపం, మంచి వార్త తెచ్చాననుకుని మెట్రో దిగి వానలో పరిగెత్తుకొచ్చాడు. మాదాపూర్ అద్దాల ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే ఆడవాళ్ళు తమ పిల్లల్ని పొద్దున్నే వదిలి వెళ్ళేది ఈ రెండు గదుల్లోనే. పద్నాలుగు మంది పిల్లలు. నడిపేది ప్రిస్కిల్లా, సాకేది ఆయా చంద్రమ్మ. కంపెనీలో విరాళాలు చూసే టీమ్ తరఫున నితీష్ శనివారాలు ఇక్కడికి వస్తుంటాడు. ఆ కంపెనీ ఇప్పుడు ఏడాదిపాటు విరాళం ఇస్తానంది.

"ఒక్కటే కండిషన్ మేడం. ఆయా జీతం సగం చేయాలె. సేవ చేసేకాడ గంత జీతమేంది అంటున్నరు మావోళ్ళు. దానికి బదులు శనివారం మా ఆడిటోరియంల చంద్రమ్మకు సన్మానం. శాలువా, మెమెంటో, ఫొటోలు. ఐడియా నాదే!"

"మీ ఐడియా తగలెయ్య! మీ జీతం సగం కోసి శాలువా కప్పితే ఊరుకుంటారా?"

"నాది జాబ్ కదా మేడం..."

"ఇదీ జాబేనండీ! పొద్దున్న ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా, నడుం పడిపోయే జాబ్!"

చంద్రమ్మ చిన్నుని భుజాన వేసుకుని వచ్చింది. "ఏంది లొల్లి? శాలువ జూపిస్తే ఇంటి ఓనరు కిరాయి ఇడిచిపెడ్తడా బిడ్డా? నాకంటే ముందు జీతం సాలక ఏడాదిల ముగ్గురు ఆయాలు పోయిన్రు. కొత్తామె అచ్చినప్పుడల్లా పిల్లలు అన్నం ముట్టకపోయేది. సగం జేస్తే నేను గూడ హాస్టల్ల పని జూస్కుంట. ఏం జెయ్యాలె మరి?"

నితీష్ ఒకడుగు వెనక్కి వేశాడు. ప్రిస్కిల్లా మాత్రం ఆగలేదు.

"మా అమ్మ మరియమ్మ ఇరవై ఆరేళ్ళు ఒక సేవా హాస్టల్లో వండింది. దేవుడి పని అన్నారు, చేతిలో చిల్లర పెట్టారు. ఏటా శాలువా కప్పారు. మోకాళ్ళు అరిగిపోయాక ఆపరేషన్‌కి డబ్బుల్లేవు. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తుంది. నాకు ఒళ్ళు మండుతుంది నితీష్ గారూ! ఆ డబ్బు మాకొద్దు. ముందు మీరు బయటికి నడవండి."

అతను తలొంచుకుని వానలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు ఆమెకి తన మీదే కోపం వచ్చింది. మూడు నెలలుగా ప్రతి శనివారం ఇతని కోసమేగా గుమ్మంకేసి చూసింది! ఇతను రాని వారం అన్నం సయించలేదే! బుద్ధి లేదు నాకు, అనుకుంటూ గిన్నెలు టకటకా విసిరేసింది.

నాలుగు రోజులు ఫోన్ లేదు. ఐదో రోజు మధ్యాహ్నం నితీష్ మళ్ళీ వానలోనే వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మళ్ళీ ఎందుకొచ్చారు?"

"జీతం పూర్తిగ ఇస్తరు. సంతకాలైనయ్. సన్మానం లేదు, ఫొటోలు లేవు."

"ఎలా ఒప్పుకున్నారు?"

"మీటింగుల మా మేనేజర్‌తోని గట్టిగ కొట్లాడిన. చంద్రమ్మ పోతే పిల్లల్ని ఎవరు జూస్తరు, ఆ తల్లులు పనికి రాకుంటే రేపు మన ఫ్లోర్ ఎవరు తుడుస్తరు అన్న. ఇగ ఒప్పుకోక తప్పలే. గని నన్ను ఆ టీమ్‌ల నుంచి తీసేసిన్రు." గొంతు తగ్గించాడు. "ఇగ శనివారాలు ఈడికి రానీకి నాకు కారణం లేదు."

ప్రిస్కిల్లాకి మళ్ళీ భగ్గుమంది. "కారణం లేదా? మూడు నెలలు నా చుట్టూ తిరిగి, ఇప్పుడు కారణం లేదంటారా? అయితే పొండి!"

"ఉంది. మీరే కారణం. మీరంటే నాకు చాలా ఇష్టం. తిడతరని చెప్పలే."

"తిడతాను! ఇన్నాళ్ళూ చెప్పనందుకు తిడతాను!" అంటూనే ఆమె ఏడ్చేసింది.

"గుమ్మంకాడ ఏడుపులేందమ్మా," అంది లోపలినుంచి చంద్రమ్మ. "పిల్లగాడు తడుస్తుండు. లోపటికన్న రానియ్యి."

ప్రిస్కిల్లా కళ్ళు తుడుచుకుని పక్కకి జరిగింది.

"రండి. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రండి. మీ కంపెనీ కండిషన్ సంగతి మా అమ్మకి మీరే చెప్పండి. ఆవిడకి నాకంటే కోపం ఎక్కువ."