మడిచి చూడని సైకిల్

"ఇదేనా మీ అప్‌గ్రేడ్?"

శనివారం మధ్యాహ్నం, నా సైకిల్ రిపేరు షాపు గుమ్మంలో ఆమె గొంతు ఖంగున మోగింది. వారమంతా నేను ఎదురుచూసిన మనిషే. కానీ ఇలా నిప్పులు కక్కుతూ వస్తుందనుకోలేదు.

ఆమె ఫిజియోథెరపిస్టు. మడత సైకిల్ మీద తిరుగుతుంది. దాని ముందు సస్పెన్షన్ కీళ్ళలో చిన్న తొడుగుల్లాంటి ప్లాస్టిక్ బుష్‌లుంటాయి. నాలుగు నెలలకోసారి అవి అరిగిపోయి చక్రం లొడలొడలాడేది. అలా మూడుసార్లు వచ్చింది. మూడోసారికే ఆమె మీద మనసు పారేసుకున్నాను, ఇక దాచేదేముంది!

పోయిన సోమవారం నాలుగోసారి వచ్చింది. "రోజంతా అరిగిపోయిన మోకాళ్ళే చూస్తాను. ఇంటికెళ్ళేటప్పుడు దీని కీళ్ళు కూడా చూడాలా? మళ్ళీ అరక్కుండా ఏదైనా చేసెయ్యండి బాబూ!" అంది.

చేసేశాను. బుష్‌లు పీకేసి స్టీలు బేరింగులు పెట్టి, పొడవాటి బోల్టులు బిగించాను. వీధి చివరిదాకా పదిసార్లు తొక్కి చూశాను. గుంటలో దిగినా కిక్కురుమనలేదు.

"తొక్కడానికి బాగాలేదా అండీ?"

"తొక్కడానికి బ్రహ్మాండం. ఏదీ, మడవండి చూద్దాం!"

మడిచాను. ముందు చక్రం ఫ్రేమ్ కిందికి వెళ్తూ వెళ్తూ టక్కున ఆగిపోయింది. కొత్త బోల్టు తల అడ్డం. లాక్ పడలేదు.

చిన్నప్పట్నుంచీ మామూలు సైకిళ్ళకే అలవాటుపడ్డ బుద్ధి నాది. తొక్కి చూశాను గానీ మడిచి చూడలేదు.

"ఎల్లుండి కొత్త హాస్పిటల్లో చేరాలి. ఇవాళ దారి చూసుకుందామని వెళ్తే ఇక్కడి రైల్వే స్టేషన్ గేటు దగ్గరే ఆపేశారు. మడిచి సంచిలో పెట్టకపోతే రైలెక్కనివ్వరట. అటు స్టేషన్లో దిగాక ఇంకా ఏడు కిలోమీటర్లు, బస్సు కూడా లేదు. ఈ ఉద్యోగం కోసం రెండేళ్ళు కాచుకున్నానండీ!"

"తప్పు నాదే. బోల్టు తల మూడు మిల్లీమీటర్లు తగ్గిస్తే సరిపోతుంది. ఎక్కడైనా ఇనుము కోసే లేత్ మెషిన్ దొరకాలి, అంతే."

"మా నాన్న దగ్గరుంది. ఆయన ముందు ఈ మాటే చెప్పే ధైర్యం ఉందా?"

"పదండి."

వాళ్ళ నాన్నగారు రిటైరైన టర్నర్. పెరటి గదిలో చిన్న లేత్. ఆయన కళ్ళజోడు పైకెత్తి, బోల్టును అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎవరిదీ ఘనకార్యం?"

"నాదేనండీ. మడిచి చూడలేదు."

"ముప్పయ్యేళ్ళు కుర్రాళ్ళకి పని నేర్పాను. చెడగొట్టినవాడల్లా బోల్టునే తిట్టాడు." రవ్వలు పడకుండా పెట్టుకునే కళ్ళద్దాలు నా చేతికిచ్చారు. "నువ్వే కొయ్యి. నేను చూస్తా."

కోశాను. ఆయన కొలిచి, "ఇంకో అర మిల్లీమీటర్" అన్నారు. మళ్ళీ కోశాను. బోల్టులు బిగించి, ఈసారి ముందు మడిచాను. లాక్ క్లిక్‌మని పడింది. ఆయన తలూపి, టీ పెడతానంటూ లోపలికెళ్ళారు.

ఆమె ఇంకా నమ్మకం కుదరక మూడుసార్లు విప్పి, మూడుసార్లు మడిచింది.

"ఈ బేరింగులు ఎన్నాళ్ళొస్తాయి?"

"కళ్ళు మూసుకుని ఐదేళ్ళు."

"అంటే ఐదేళ్ళు నేను మీ షాపు గడప తొక్కక్కర్లేదు."

"అక్కర్లేదు."

"బుష్‌లే వేసుంటే నాలుగు నెలలకోసారి వచ్చేదాన్నిగా? తట్టలేదా?"

"తట్టకపోవడమేం! బిగించినంతసేపూ నన్ను నేను తిట్టుకున్నాను. కానీ మీరు ఇబ్బంది పడి నా దగ్గరికి రావడం నాకిష్టం లేదు."

ఆమె చేతులు సైకిల్ మీదే ఆగిపోయాయి. మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"మరి ఐదేళ్ళూ ఏం చేద్దామని?"

"అంత ఓపిక నాకు లేదండీ. అందుకే ఇప్పుడే అడుగుతున్నా. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

వంటింట్లోంచి గొంతు వినిపించింది. "పంచదార ఎన్ని చెంచాలు అల్లుడుగారూ?"

"నాన్నా! నేనింకా ఏమీ అన్లేదు!"

"త్వరగా అనమ్మా, టీ చల్లారిపోతుంది."

ఆమె నా వంక చూసింది, నా చేతుల వంక చూసింది. ఫక్కున నవ్వింది.

"మూడు చెంచాలు వెయ్యి నాన్నా, మనిషి వణికిపోతున్నాడు. నేను ఒప్పుకున్నానని కూడా నువ్వే చెప్పు."