మిగిలిన మూడు రోజులు

ల్యాంపు రూం పని చూడటానికి సులువు. బొగ్గు గనిలోకి దిగే మనిషి తన నంబరు బిళ్ళ కిటికీలోంచి ఇస్తాడు. యమున అదే నంబరు తలదీపం అతని చేతికిచ్చి, ఖాళీ అయిన కొక్కేనికి ఆ బిళ్ళ తగిలిస్తుంది. పైకి వచ్చాక దీపం లోపలికి, బిళ్ళ బయటికి. షిఫ్టు అయిపోయాక ఏ కొక్కేనికైనా బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడు.

ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి వారమే, అక్కడే తల నెరిసిన మొగిలి ఒక మాట చెప్పాడు.

"ఒకని బిళ్ళ మీద ఇంకొకన్ని దిగనియ్యకు బిడ్డా. దోస్తని బతిమిలాడుతరు, బావ అని బతిమిలాడుతరు. ఇయ్యకు. లోపల ఏమన్నయితే తప్పు పేరు పట్టుకుని పిలుస్తరు. పిలిచినా వాడు పలకడు."

యమున ఆ నియమం నాలుగేళ్ళుగా తప్పలేదు. గని గేటు దాటాక తప్పింది.

ఆమెకు ఆ ఉద్యోగం తెచ్చిపెట్టిన చావు, గనిలోకి దిగే ఆమె భర్త జైపాల్‌ది. సెలవు దినాన ఇంట్లోనే టీ తాగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. అప్పటికి అతను వాడుకోకుండా దాచుకున్న లీవులు నూట పన్నెండు రోజులు. "వచ్చే లీవుల పట్నం పార్కుకు పోదాం" అని కూతురు హర్షిణికి పుట్టినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆ నూట పన్నెండు రోజులూ కాగితం మీద ఉండిపోయాయి. అప్పటి నుంచి రోజులు దాచుకునే మనుషులంటే యమునకు ఒళ్ళు మంట.

ఎండాకాలం సెలవులు మొదలైన వారం, హాజరు రాసే టైం ఆఫీసు గుమాస్తా త్రివిక్రమ్ ల్యాంపు రూం కిటికీ దగ్గరికి వచ్చాడు. మంథని అయ్యగార్ల ఇంటి మనిషి, గొంతు పెంచి ఎరగడు. కిందటి వానల్లో అతని ఒక్కగానొక్క బిడ్డ మైత్రి విషజ్వరంతో పోయింది. పన్నెండేళ్ళు. హర్షిణి వయసే. ఆఫీసంతా పోయి పలకరించి వచ్చారు, యమున కూడా.

అతను రెండు కార్డులు కిటికీలోంచి జరిపాడు.

"అయిదు రోజుల పాసులు యమునక్కా. సంవత్సరం లోపల ఎప్పుడైనా పోవచ్చని తీసుకున్నం. రెండు రోజులు పోయినం. ఇంకా మూడు మిగిలినయ్. ఇది మా అమ్మది. ఇది... మైత్రిది. ఊరికే పోతయ్ కదా. మీరూ పాపా పోయి రండి."

"మీది లేదా సారూ?"

"నాది నా దగ్గర ఉంచుకుంటా."

యమున కార్డులు చూసింది. ఒకదాని మీద విశాలాక్షమ్మ, ఇంకోదాని మీద మైత్రి. మొగిలి మాట గుర్తొచ్చింది. ఆటల పార్కు గని కాదు కదా అనుకుంది. ఊరికే వచ్చినదాన్ని వద్దనేంత స్థితి తనకు లేదు అని కూడా అనుకుంది. కార్డులు సంచిలో వేసుకుంది.

*

పార్కు హైదరాబాదు అవతల. తెల్లవారుజామున బస్సెక్కితే పది దాటాక దిగారు. గేటు దగ్గర అమ్మాయి కార్డులు మిషను మీద పెట్టి, ఇద్దరి మణికట్లకూ నీలం పట్టీలు కట్టింది. పట్టీ మీద పేరు అచ్చయి ఉంది.

"మమ్మీ, మైత్రి ఎవరు?"

"ఎవరో. నడువు."

"నా పేరు కాదు గద."

"ఈ ఒక్క రోజుకు నీదే. లొల్లి చెయ్యకు."

గేటు పక్కనే ఇంకో కౌంటరు. ఒక రోజు, మూడు రోజులు, అయిదు రోజులు, సంవత్సరం అని పెద్ద బోర్డు. ఎక్కువ రోజులు కొన్న కొద్దీ రోజు చవక. హర్షిణి కాళ్ళు అక్కడ ఆగిపోయాయి.

"మమ్మీ, మన పేర్ల మీద మూడు రోజులది తీసుకుందామే. దసరాకు రావచ్చు, మళ్ళ ఎండాకాలం రావచ్చు."

"దసరా నాటికి నువ్వెక్కడో నేనెక్కడో. రాని రోజుల్ని ఇప్పుడే కొనుక్కునుడు ఏంది? మీ డాడీ దాచుకోలేదా రోజులు? ఏం చేసుకున్నడు?"

"డాడీ ఉంటే తీసుకునేటోడు."

"డాడీ ఉంటే ఇక్కడిదాక వచ్చేటోళ్ళమే కాదు."

పిల్ల మొహం మాడ్చుకుంది. నీళ్ళ జారుడుబల్ల చూశాక మరిచిపోయింది. అప్పుడు కనిపించింది గని.

సిమెంటుతో కట్టిన నల్ల కొండ. దానికి ఒక నోరు. లోపలికి చిన్న పట్టాలు, వాటి మీద రెండేసి సీట్ల తొట్లు. ఎక్కేవాళ్ళకు పసుపు హెల్మెట్లు, వాటికి వెలిగే బొమ్మ దీపాలు. జైపాల్ పద్దెనిమిదేళ్ళు భయపడుతూ చేసిన పనికి జనం నవ్వుకుంటూ వరుస కట్టారు. యమునకు నవ్వు వచ్చింది, మంచి నవ్వు కాదు.

"మమ్మీ, డాడీ పోయేది గిట్లనేనా? నేను చూస్తా."

ఎక్కారు. యమున టైము చూసుకుంది. పదకొండూ నలభై. మనిషి లోపలికి పోతుంటే టైము చూడటం ఆమెకు అలవాటు. హర్షిణి ఎడమ పక్కన కూర్చుని, తల్లి ఎడమ చెయ్యి పట్టుకుంది. చెమటతో వెచ్చగా ఉంది ఆ చెయ్యి.

మొదటి మలుపులో రంగు వాసన, రబ్బరు వాసన. అట్టతో చేసిన కూలీలు సుత్తులు ఊపుతున్నారు. స్పీకరులో బాంబుల చప్పుడు. వెనక తొట్టిలో ఎవరో కేకలు పెట్టి నవ్వుతున్నారు. రెండో మలుపు తిరిగాక ఆ కేకలు వినబడలేదు. గాలి మారింది. తడిసిన కలప, నానిన బొగ్గు, పాత చెమట... జైపాల్ డ్యూటీ నుంచి వచ్చి విప్పి పడేసిన బట్టల వాసన. అదే. ఈ వాసనను డబ్బా నుంచి చల్లలేరు.

దీపాలు ఆరిపోయాయి.

హెల్మెట్ల దీపాలు కూడా. స్పీకరు ఆగింది. చక్రాల చప్పుడు ఆగింది. కానీ తొట్టి పోతూనే ఉంది... కిందికి. ఎక్కడో పైనుంచి నీటి బొట్లు. ఒకటి యమున మెడ మీద పడింది. చల్లగా.

"మమ్మీ..."

"ఇక్కడే ఉన్న."

"మమ్మీ, ఎవరో నా పేరు అడుగుతున్నరు."

యమునకు ఎవరి గొంతూ వినబడలేదు. అయినా పాసులు చూసే మనిషి అనుకుంది. వేరేవాళ్ళ పాసుల మీద వచ్చారని పట్టేసుకుంటారు, నలుగురిలో నిలబెడతారు... అంత చీకట్లో, అంత లోతులో, ఆమెకు తోచిన భయం అది.

పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అంది.

"మైత్రి అని చెప్పు."

"మమ్మీ, భయమైతుంది..."

"చెప్పు జల్ది!"

హర్షిణి చెప్పింది. "మైత్రి."

ఆమె చేతిలోంచి చెయ్యి పోయింది. లాగినట్టు లేదు. ఉన్నది లేకుండా పోయింది. యమున గాలిలో తడిమింది. సీటు... తడి. ఇనుము... తడి. అరవబోయింది. ఏ పేరు పెట్టి అరవాలో ఒక్క క్షణం తోచలేదు.

అంతలో చెయ్యి తిరిగి వచ్చింది. మెల్లగా, వేళ్ళ మధ్యకు వేళ్ళు దూర్చుకుంటూ. చల్లగా ఉంది. వెలుతురు వచ్చింది. చక్రాలు మోగాయి. వెనక జనం నవ్వుతున్నారు. పక్కన పిల్ల కూర్చుని ఉంది, కళ్ళు చిట్లించి ఎండను చూస్తోంది. చాలా రోజుల తరవాత చూస్తున్నట్టు.

బయటికి పోయే గేటు దగ్గర పట్టీలు మిషనుకు చూపించారు. విశాలాక్షమ్మ, పచ్చ లైటు. మైత్రి, పచ్చ లైటు. ఇద్దరు లోపలికి, ఇద్దరు బయటికి. లెక్క సరిపోయింది.

"మేడం, మల్టీ డే పాస్ తీసుకుంటారా? ఆఫరు ఇవ్వాళే ఆఖరు" అంది కౌంటరు అమ్మాయి.

యమున పిల్ల వైపు చూసింది, ఏడుస్తుందేమోనని.

"వద్దమ్మా" అంది పిల్ల. "నాకు చాలు. ఇంటికి పోదాం."

బుద్ధి వచ్చింది అనుకుంది యమున. బస్సు పెద్దపల్లి దాటాక గాని తోచలేదు, పుట్టి బుద్ధెరిగాక హర్షిణి తనను మమ్మీ అనే తప్ప అమ్మా అని పిలవలేదని.

*

ఇంటి దగ్గర అత్త పోశవ్వ కోడికూర వండి పెట్టింది.

పిల్ల కంచం ముందు కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "వద్దు నానమ్మా. మేం తినం."

"మేమెవరే? పట్నం పొయ్యొచ్చి ఒక్క పూటల అయ్యగారింటి పిల్లవైనవా?" పోశవ్వ పకపకా నవ్వింది. "ఎప్పుడూ 'బాపమ్మా, కాలు నాకే' అని కొట్లాడేది. ఏందే యమునా, దీనికి ఎండదెబ్బ గిట్ల తాకిందా?"

యమున నవ్వలేదు.

మూడో రోజుకు పోశవ్వ కూడా నవ్వడం మానింది. నాలుగో రోజు పొద్దున్నే సంచి సర్దుకుంది. కోడలిని ఆ చిన్న వంటింట్లోకి లాగి, తలుపు దగ్గరికి వేసి చెప్పింది.

"నేను నస్పూర్ పోతున్న, నా బిడ్డ తానికి."

"ఏమైందత్తా?"

"పిల్ల పండుకుంటలేదు. కూసుంటది. నేను పక్కన పండుకుని చెయ్యేసిన..." ముసలామె తలుపు సందులోంచి లోపలి గది వైపు చూసింది. "నా కొడుకు బతికున్నప్పుడు గని కాన్నుంచి వస్తే గట్ల వాసనొచ్చేది. తడి వాసన. యమునా, నువ్వు పట్నంకేలి ఎవల్ని తెచ్చినవే?"

*

సోమవారం త్రివిక్రమ్ కిటికీ దగ్గరికి వచ్చి పార్కు ఎట్లుందని అడగలేదు.

"బయటికొచ్చేటప్పుడు పాప పట్టీ మిషనుకు చూపించిండ్రా?"

"చూపించినం సారూ."

"పేరు పడిందా?"

"పడింది."

అతను కళ్ళు మూసుకున్నాడు. కార్డులు తీసుకుని పోయాడు. శుక్రవారం యమున అతని టేబులు దగ్గరికే పోయింది.

"సారూ, ఆ కార్డులు మళ్ళొక్కసారి కావాలె. రెండు రోజులు మిగిలినయ్ గద."

"మంథనిలో గోదావరిల కలిపిన."

"ఎందుకు?"

అతను తలెత్తలేదు. "మా పాపకు పాలన్నం ఇష్టం యమునక్కా. పెరుగు వెయ్యకండి."

యమునకు అతన్ని చెంప మీద కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. ఆ చీకట్లో పిల్లతో ఆ పేరు చెప్పించింది అతను కాదు.

ఆ రోజు షిఫ్టు దిగాక, చివరి బిళ్ళ కూడా పోయి దీపాలన్నీ లోపలికి చేరాక, మొగిలిని అడిగింది.

"కాకా, ఒకని బిళ్ళ మీద ఇంకొకడు దిగిండనుకో. పైకి మాత్రం ఆ బిళ్ళ గలోడే వచ్చిండు. దిగినోడు లోపలనే ఉన్నడు. ఎట్ల తేవాలె?"

మొగిలి దీపం తుడవడం ఆపి ఆమె మొహంలోకి చూశాడు. ఎవరి సంగతి అని అడగలేదు.

"బోర్డు మీద లెక్క సరిపోయిందా?"

"సరిపోయింది."

"మరి ఇంకెవడు వెతుకుతడు బిడ్డా?" తుడిచిన దీపాన్ని కొక్కేనికి తగిలించి అన్నాడు. "దిగినోని సొంత పేరు మీద బిళ్ళ తియ్యాలె. పట్టుకుని నువ్వే పోవాలె. ఒక్క రోజుల దొరుకుతదని మాత్రం అనుకోకు."

*

తొమ్మిదో రోజు. మొదటి షిఫ్టు చేసి వచ్చి, యమున మంచం మీద కూర్చుని ఫోను తీసింది. మధ్యాహ్నం ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగింది. లోపలి గదిలో పిల్ల ఉంది. చప్పుడు లేదు.

పార్కు వాళ్ళ పేజీ తెరిచింది. ఒక రోజు. మూడు రోజులు. అయిదు రోజులు. సంవత్సరం.

ఒక మనిషిని వెతకడానికి ఎన్ని రోజులు పడుతుంది? మూడు చాలుతాయా? పిల్ల భయపడి ఏ మూలనో నక్కి ఉంటే? తన పేరు తానే మరిచిపోయి ఉంటే? ఆ రోజు మూడు రోజులది కొందామని బతిమిలాడింది. హర్షిణి అని అచ్చయిన పట్టీ ఒకటి దాని చేతికి ఉండేది. తను వద్దంది. రాని రోజుల్ని కొనుక్కునుడు ఏంది అంది.

పేరు దగ్గర హర్షిణి అని కొట్టింది. వయసు పన్నెండు. నొక్కింది.

తెర తెల్లగా అయింది. చాలాసేపు.

తరవాత అక్షరాలు వచ్చాయి.

ఈ అతిథి ఇప్పటికే పార్కు లోపల ఉన్నారు. గడువు ఈ రోజుతో ముగుస్తుంది. పొడిగించాలా?

హర్షిణి పేరు ఆ పార్కులో ఎవరికీ చెప్పలేదు. ఎక్కడా రాయలేదు. గడువు ముగిస్తే... బయటికి పంపిస్తారా? లేకపోతే... ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు మోగింది. గోడలు అదిరాయి. అటకమీద గిన్నెలు గలగలమన్నాయి. చప్పుడు ఆగాక కూడా ఒక చిన్న గలగల ఆగలేదు. అది తన గాజులది.

ఉంచాలి. ముందు ఉంచాలి. తను పోయేదాకా అది అక్కడ ఉండాలి. అన్నిటికంటే కింద ఉన్నదాన్ని నొక్కింది. సంవత్సరం.

వెనక నుంచి మెడ మీద చల్లగా గాలి తగిలింది. తడి బొగ్గు వాసన. పిల్ల ఎప్పుడు వచ్చిందో, భుజం మీదుగా వంగి తెరను చదువుతోంది. గొంతులో కోపం లేదు. జాలి ఉంది.

"సంవత్సరమా?" గుసగుసగా అంది. "అన్ని రోజులూ అది అట్లా ఏడుస్తూనే ఉండాల్నా అమ్మా?"

యమున వెనక్కి తిరగలేదు. చేతిలో ఫోను ఒకసారి వణికింది. పార్కు నుంచి మెసేజి.

అతిథి: హర్షిణి. ఇప్పటిదాకా ఎక్కినవి: ఒకటి. గని. మొదలైన సమయం: 11.40. ఇంకా నడుస్తోంది.