పరాయి తూటా

శవపరీక్షలో బయటపడిన సీసం ముక్కను హాలరన్ తన బల్ల మీద దొర్లించాడు.

"దుప్పి అనుకుని కాల్చారట. వేటలో ప్రమాదమని తేల్చి ఫైలు మూసేశారు. నువ్వేమంటావు ట్రాస్క్?"

హాలరన్ గూఢచారి శాఖకు అలాస్కాలో అధిపతి. ట్రాస్క్ అతని కింద ఏజెంటు. ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తగిలిన చోటే పువ్వులా విచ్చుకుంది.

"లీవర్ రైఫిల్ సార్, పెద్ద బోరు, గొట్టం వెడల్పైనది. గుండు తేలికది, మొనలో గుంట ఉన్న రకం. తుపాకీ మందు కూడా తగ్గించి కూరారు. చర్మం పల్చగా ఉన్న జంతువుకి చాలు. అంటే దుప్పికీ, మనిషికీ."

చనిపోయినవాడు ఒక సాక్షి. రాడార్ కేంద్రాల మ్యాపులు దొంగిలించి విదేశానికి అమ్మే ముఠా మీద ఇద్దరే సాక్షులుండేవారు. ఇక మిగిలింది ఎమిల్ కరాసెక్. ఒకప్పుడు అదే ముఠాలో రేడియో ఆపరేటరు, తర్వాత చెవుడు వచ్చింది. ఇప్పుడు కోడియాక్ దీవిలో, ఎలుగుబంట్ల వేటకు వచ్చేవాళ్లు దిగే లాడ్జిలో వంటవాడిగా దాక్కుని పాన్‌కేకులు మాడుస్తున్నాడు. సోమవారం దాకా బతికి ఉంటే కోర్టులో నోరు విప్పుతాడు.

"లాడ్జిలో ఇద్దరు అతిథులు," అన్నాడు హాలరన్. "రాలింగ్స్, టెక్సాస్ చమురు ఆసామి. హంతకుడు వాడే. రెండోది మన మనిషి, కొరిన్ వేల్. నువ్వు గైడువి. చెవులు కప్పుకునే ఈ ఇయర్ మఫ్స్‌లో రేడియో ఉంది. నా మాట నీకు వినిపిస్తుంది, నీ చుట్టూ జరిగే మాటలు నాకూ, హెలికాప్టర్ సిబ్బందికీ వినిపిస్తాయి. హెలికాప్టర్ కావాలంటే కోడ్: కాఫీ చల్లారింది."

కొరిన్ పేరు వినగానే ట్రాస్క్ ముక్కను బల్ల మీద పెట్టేశాడు. వియన్నాలో ఆమెతో కలిసి పనిచేశాడు. ఒక చలికాలం కలిసి బతికాడు కూడా.

కోడియాక్‌లో వాన పట్టుకుంది. వేటకు దారి లేక అతిథులిద్దరూ ఎవరి తూటాల్లో వాళ్లు మందూ గుండూ నింపుకునే బల్ల దగ్గర చేరారు. ట్రాస్క్ గడ్డం పెంచి, ముతక స్వెటర్ వేసుకుని గైడులాగే ఉన్నాడు. కొరిన్ గుర్తుపట్టినా పైకి తెలియనివ్వలేదు. తను నింపుకున్న తూటాలు గుప్పెడు తీసి రాలింగ్స్ ముందు పెట్టాడు.

"వాడుకోండి. మన మూడు రైఫిళ్లూ ఒకే బోరువి. మంచి జోరుగా ఉంటాయి."

రాలింగ్స్ వాటిని మోచేత్తో పక్కకు తోశాడు. "ఏమోయ్ గైడూ, నీ టూత్‌బ్రష్ ఇచ్చి నన్ను పళ్లు తోముకోమనేలా ఉన్నావే. పరాయివాడు నింపిన తూటా నా రైఫిల్‌లో పెడతానా? ఇది మా తాతది. జోరుగా మందు కూరితే గొట్టం పగిలి ఎలుగు కన్నా ముందు నేనే పోతాను."

"నేనూ అంతే," అని నవ్వింది కొరిన్. "పరాయి తూటా ముట్టను."

ట్రాస్క్‌కు రాలింగ్స్ మీద అనుమానం సగం అక్కడే పోయింది: తాత తుపాకీని అంత జాగ్రత్తగా చూసుకునేవాడు అసలైన వేటగాడే. ఆసామి మిగతా సగాన్ని తన చేతులతోనే పోగొట్టాడు. బరువైన గట్టి సీసం గుండ్లు, మొన చదునుగా ఉన్నవి, ఏరుకున్నాడు. పాత రైఫిల్ తట్టుకునేంత మందే త్రాసులో తూచి పోశాడు. అలాంటి గుండు నెమ్మదిగా వెళ్లినా ఎముక విరుచుకుని లోపలికి దిగుతుంది. వాగుడుకాయే గానీ, వచ్చింది మాత్రం ఎలుగు కోసమే.

కొరిన్ రైఫిల్ కొత్తది, ఎంత మందైనా తట్టుకుంటుంది. అయినా ఆమె తేలిక గుండ్లు తీసుకుంది. మొనలో గుంట ఉన్నవి. మందు సగానికి సగం తగ్గించింది.

"మేడమ్, ఎలుగు భుజానికి ఇవి చాలవు."

"నా భుజం సుకుమారం. తుపాకీ ఎదురుతన్ను పడదు."

వియన్నాలో ఇంతకన్నా పెద్ద తుపాకీ పేల్చి అదే చేత్తో వైన్ పోసిన మనిషి ఆమె. బల్ల మీద దొర్లిన సీసం ముక్కకు అన్నదమ్ములు ఆమె ముందు వరసగా నిలబడుతున్నాయి. ఆమెను మన మనిషన్నదీ, రాలింగ్స్ మీదికి వేలు చూపించిందీ హాలరనే. అది అనుమానమే గానీ రుజువు కాదు. రుజువు ఆమె నోట్లోంచే రావాలి.

బల్ల చివర డబ్బాలో రెండు ఉత్తుత్తి తూటాలున్నాయి. తూటాను లోపలికి ఎక్కించే లీవర్‌లో సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసుకోవడానికి చేసినవి. గుండు ఉంటుంది, మందుండదు, దాన్ని రాజేసే అడుగు బిళ్ల, ప్రైమరూ ఉండదు. అడుగు తిప్పి చూస్తే ఖాళీ గుంట కనబడి చంటిపిల్లాడికైనా తెలిసిపోతుంది. ట్రాస్క్ వాటిని జేబులో వేసుకున్నాడు.

తెల్లారేసరికి వాన వెలిసింది. చెవిలో హాలరన్ గొంతు పలికింది. "రాలింగ్స్‌ని వదలకు. కొరిన్‌ని ఒంటరిగా వదిలెయ్."

ట్రాస్క్ రాలింగ్స్‌ను వాగు దిగువకు పంపేసి, కొరిన్‌తో బయల్దేరాడు. ఆమె కోసం చోటు చూసే ఉంచాడు. వాగు గట్టున ఆల్డర్ చెట్ల పొదలు, వాటి పక్కనే గడ్డీ మట్టీ కప్పిన చిన్న దిబ్బ. ఎలుగు తను చంపిన దుప్పిని దాచుకుని కాపలా కాస్తున్న చోటది. కొరిన్‌కు తూటాలు తెలుసు గానీ కోడియాక్ తెలియదు. "ఇక్కడ కూర్చోండి మేడమ్, చూపు బాగా ఆనుతుంది," అని తను పై బండ మీదికి ఎక్కాడు. ఆ మాట అన్నందుకు అతనికి సిగ్గేమీ వేయలేదు.

కాసేపటికి కరాసెక్ గోధుమరంగు కోటు వేసుకుని, వేటగాళ్ల కోసం కాఫీ ఫ్లాస్కుతో వాగులోని గులకరాళ్లు దాటుతూ వచ్చాడు. కొరిన్ రైఫిల్ లేచింది.

అదే సమయంలో పొదలు విరిగాయి. ఆమె వెనక్కి తిరిగి తెచ్చుకున్న నాలుగు తూటాలూ ఎలుగు మీదే ఖర్చు చేసింది. అవి చర్మం కింద విచ్చుకుని అక్కడే ఆగిపోయాయి. ఎలుగు రక్తం కారుస్తూ పొదల్లోకి వెళ్లింది, చావడానికి మాత్రం కాదు. దాని ఊపిరి బయటికి వినిపిస్తోంది. చెవుడున్న కరాసెక్ తల వంచుకుని రాళ్లు చూసుకుంటూ వస్తూనే ఉన్నాడు.

"ట్రాస్క్, నీ తూటాలు ఇటు పడెయ్."

"పరాయి తూటా ముట్టవుగా."

"హాస్యమాడకు, మళ్లీ వస్తోంది అది."

"వస్తుంది. నిన్ను పంపిందెవరు?"

"నీకు పిచ్చా?"

"పేరు చెప్పు. రెండు తూటాలిస్తాను."

పొదలో కొమ్మ విరిగింది. కొరిన్ పెదవులు తెల్లబడ్డాయి.

"హాలరన్. మ్యాపులు అమ్మేది అతనే. చాలా?"

ట్రాస్క్ చెవిలో హాలరన్ గొంతు మెత్తగా వచ్చింది. "ట్రాస్క్, దానికివ్వకు. ఎలుగుకి వదిలెయ్."

ట్రాస్క్ జేబులోని రెండు తూటాలూ విసిరాడు. ఆమె గాల్లోనే అందుకుంది. అడుగు తిప్పి చూసే తీరిక ఆమెకు లేదు. లోపలికి తోసి, లీవర్ ఆడించి, గురి పెట్టింది. పొదలకు కాదు, కరాసెక్ ఛాతీకి. ఆ క్షణంలో కూడా పనే ముందు ఆమెకు.

క్లిక్‌మంది. మళ్లీ లీవర్ ఆడించింది. మళ్లీ క్లిక్.

లీవర్ చప్పుడుకు ఎలుగు వచ్చింది. ట్రాస్క్ చేతిలోని రైఫిల్‌లో బరువైన గుండు సిద్ధంగా ఉంది, గురి కూడా కుదిరింది. అయినా ఆమె కుడిచెయ్యి దాని నోట్లోకి పోయేదాకా ఆగాడు. సాక్షికి నాలుక చాలు. ఆ తర్వాత కాల్చాడు. గుండు భుజం ఎముక విరుచుకుని గుండె దాకా దిగింది, ఎలుగు ఆమె కాళ్ల మీదే కూలింది.

"కాఫీ చల్లారింది," అన్నాడు ట్రాస్క్.

అప్పుడే గట్టెక్కిన కరాసెక్ ట్రాస్క్ పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుని, ఫ్లాస్కు గుండెకు హత్తుకుని నిలబడిపోయాడు. "ఇప్పుడే కాచాను కదయ్యా," అన్నాడు.

చెవిలో ఈసారి పలికింది హెలికాప్టర్ పైలట్. "పేరు మేమూ విన్నాం. హాలరన్ గది బయట మనవాళ్లు నిలబడ్డారు."

హెలికాప్టర్‌లో స్ట్రెచర్ మీద కొరిన్ కళ్లు తెరిచింది. మోచేతి కింద కట్టు తప్ప ఇంకేమీ లేదు.

"వాటిలో మందు లేదు కదూ?"

"ప్రైమర్ కూడా లేదు. అడుగు చూసుకోవాల్సింది."

"తెలిసీ ఇచ్చావా?"

ట్రాస్క్ దుప్పటి ఆమె గడ్డం దాకా లాగి సర్దాడు.

"ముట్టనన్నావుగా. మాట మీద నిలబడతావనుకున్నాను."