జవాబు చెప్పకూడని కుర్చీ

యుద్ధం ముగిశాక రెండో శీతాకాలం. బవేరియా కొండల్లో మంచు దారులన్నీ మూసేసిన ఒక మధ్యాహ్నం, ఒక సత్రంలో రచయితలు పొయ్యి చుట్టూ చేరారు. గదంతా ఉడికిన బంగాళాదుంపల వాసన, తడిసిన సైనికకోట్ల వాసన.

ఆ బృందానికి ఒకటే కట్టుబాటు. కథ చదివినవాళ్ళు ముందు కుర్చీలో కూర్చుంటారు. మిగతావాళ్ళు ఆ కథను ఉతికి ఆరేస్తారు. చెప్పేవాళ్ళు ఉన్నంతసేపు కుర్చీలో మనిషి లేవకూడదు, జవాబు చెప్పకూడదు. లేచినవాళ్ళను, జవాబు చెప్పినవాళ్ళను మళ్ళీ పిలవరు.

ఆరోజు రోస్విథా వంతు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికి చేతులు పగిలిన మనిషి. ఒక్క కథ అచ్చయితే చాలనుకుని బతికింది. కథలు ఏరుకోవడానికి మ్యూనిక్ నుంచి ఒక పత్రికాయన కూడా వచ్చాడు.

బాంబులు పడిన రోజు నేలమాళిగలో దాక్కున్న తన వీధివాళ్ళ కథ చదివింది. పిండి కోసం వెళ్ళి తను బతికింది. వాళ్ళంతా నొప్పి తెలియకుండా, నిద్రలోలాగా పోయారని రాసింది. బతికినవాళ్ళం అలాగే రాసుకుంటాం, మనకి నిద్ర పట్టాలిగా!

చదవడం అయింది. విశేషణాలు తన జైలు గొంగళిలో పేలకన్నా ఎక్కువున్నాయని ఒకడు నవ్వించాడు. ముగింపు బాగుందని పత్రికాయన తలూపాడు.

"ఇంకెవరైనా?" అన్నాడు బృందం పెద్ద వోల్క్‌మార్.

వెనకబల్ల మీద ఒక చెయ్యి లేచింది. బూడిదరంగు చెయ్యి. అంతసేపూ ఆ బల్ల ఖాళీగా ఉంది.

వోల్క్‌మార్ తల తిప్పకుండానే, "చెప్పండి" అన్నాడు.

"నిద్రలో పోలేదమ్మా." అది రోస్విథా వీధిలో, ఆ నేలమాళిగ ఉన్న ఇంటి కింద వాటాలో ఉండే అపొలోనియా గొంతు. "రొట్టె అయిపోయాక కూడా బతికే ఉన్నాం. గోడ గీకాం. గోళ్ళు ఊడేదాకా."

రోస్విథా చుట్టూ చూసింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. అందరూ పొయ్యినే చూస్తున్నారు. పొయ్యిలో నిప్పు లేదు...

లేవాలి. కానీ లేస్తే కథ అచ్చయ్యే అవకాశం పోతుంది. పళ్ళు బిగించి కూర్చుంది.

ఇంకో చెయ్యి లేచింది. ఆ పక్కన ఇంకోటి. తడిసిన సున్నం వాసన... కాలిన గుడ్డల వాసన...

"పసిదాని గురించి రాయలేదే" అని గొణిగాడొక మగమనిషి. "చివరిదాకా ఏడ్చింది అదొక్కతే."

కిటికీల మీదికి మంచు పాకింది. గది చీకటయింది. కథ పోతే పోనీ అనుకుంది రోస్విథా. లేవబోయింది. కాళ్ళు కదల్లేదు. మోకాళ్ళదాకా ఏదో బరువు... ఇటుకల బరువు.

"నాకు తెలీదు," అంది. "నేనక్కడ లేను."

పత్రికాయన టోపీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆయన భుజాల మీద తెల్లటి దుమ్ము రాలుతోంది.

"అందుకేగా వచ్చాం" అంది అపొలోనియా, చాలా దగ్గర నుంచి. "మళ్ళీ చదువు తల్లీ. ఈసారి మేం చెప్తాం."

రోస్విథా మొదటి పేజీ తీసింది. దాన్నిండా సన్నటి నల్ల అక్షరాలు. వేలికి తడి తగిలింది. సిరా ఇంకా ఆరలేదు.

ఆమె ఆ కథ రాసింది పెన్సిల్‌తో.