గంప కింద చక్రం

పేట్ బషీరాబాద్‌లో జిరాక్స్ షాపు పైనున్న ఆ ఒంటి గదిలోకి వస్తూ బాలమణి చెప్పులు గుమ్మం బయటే విడిచింది, గుళ్లోకి వస్తున్నట్టు. 'డిటెక్టివ్' అన్న బోర్డు చదివి కూడా.

"సచ్చిన నా కొడుకు ఏందో అడుగుతాండమ్మా," అంది కూర్చోకుండానే. "నాకు సమజైతలేదు. మీరు జెప్పాలె."

జానకీదేవి లేచి ఫ్యాను ఆపింది. బీమా కంపెనీలో ఇరవై రెండేళ్లు మనుషులెలా పోయారో తేల్చిన మనిషి. కన్నీళ్ల మాట వినాలంటే ఫ్యాను చప్పుడు అడ్డమంటుంది. ఆమె అసిస్టెంట్ సృజన నోట్‌బుక్ తెరిచింది. ఆ ఏడే, 2008లో, ఇంజనీరింగ్ అయింది. వచ్చిన ఉద్యోగం 'తర్వాత చెప్తాం' దగ్గరే నానుతుంటే ఇక్కడ చేరింది. ఆమెకు దయ్యాల మీద నమ్మకం లేదు. జాయినింగ్ లెటర్ల మీద కూడా.

బాలమణిది శామీర్‌పేట దాటాక రాళ్ల గుట్ట పక్కన ఊరు. కొడుకు ప్రణయ్ ఆ గుట్ట మీద ఒంటి చక్రం సైకిల్ తొక్కేవాడు. పద్నాలుగు రోజుల కింద అక్కణ్ణుంచి పడి చనిపోయాడు.

"పదోద్దు పొద్దుమీకి దీపం మూలల పిండి వోసి గంప బోర్లిచ్చిన. పోయినోడు వచ్చి ఏ అడుగు వెడ్తడో తెల్లారి జూస్తం. పిట్టదో, పిల్లిదో. నేను గంప లేపితె..." ఆమె బల్ల మీద వేలితో గీసి చూపించింది. "చక్రం గుర్తమ్మా. రెండు గీతలు, పక్కపక్కన. ఒకటి రెండు వేళ్ల వెడల్పు, ఇంకోటి మూడు."

"ఎవరెవరికి తెలుసు?"

"చక్రం గుర్తొచ్చిందని ఊరంత తెల్సు. రెండు గీతలని ఎవ్వలికి జెప్పలె. ఎంటనే గంప బోర్లిచ్చిన. ఆ టైరు తెప్పించింది నా బిడ్డ శ్రీజ. 'నా టైరే అన్నను సంపింది, అన్న వచ్చి గదే జెప్పిండు' అని మూడొద్దులకెళ్లి ముద్ద ముడుతలేదు. కొడుకు పాయె. గిది గూడ పోతది."

* * *

దీపం మూలలో గోడకు ఆనించిన ఒంటి చక్రం ఒక కాలు మీద నిలబడ్డ మనిషిలా ఉంది. కిటికీలోంచి గాలొచ్చినప్పుడల్లా పెడల్ ఇసుమంత కదిలి ఆగుతోంది. సృజన దానికి వీపు పెట్టి కూర్చోలేకపోయింది. ఊరికే, వెలుతురు కోసం, అనుకుంది.

శ్రీజ మేడ్చల్ కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "మూడు టైర్లు టెస్ట్ జేసినం, మేడం. మొదటిది రోడ్డు టైరు, కంకర మీద జారింది. రెండోది సన్నది, బుడిపెలున్నది. రాయి తగిల్తే ఎగిరింది. గిది మూడించులది. గాలి పదిహేను పాయింట్లు వెడ్తె రాయిని పట్టుకుంటది. ఎక్కువైతె బంతి లెక్క ఎగుర్తది, తక్కువైతె పక్కకు మడతవడ్తది. ఉన్నదే ఒక్క చక్రం. జారితె ఆపేటందుకు రెండోది లేదు గద."

"గాలి ఎలా చూసేవాళ్లు?"

"పిండి మీద. అన్న ఎక్కి తొక్కితె మూడు వేళ్ల గీత రావాలె. గా మూలలనే పిండి వోసి, కోళ్లు చెరపకుంట గంప బోర్లిస్తుండె. అమ్మనే కొలుస్తుండె."

"ఆ పొద్దు మూడొచ్చినయి," అంది బాలమణి తలుపు దగ్గర్నుంచి. "పో బిడ్డా అని నేనే అన్న."

"పదోద్దు అయినంక గాలి కొలుస్తనని అందరి ముందట జెప్పిన," అంది శ్రీజ. "పదకొండో దినం కొలిచిన. పదిహేనే ఉంది. గాలి తప్పు గాదు, మేడం. నా టైరుదే."

"టైరుదే మరి!" బయటనుంచి ప్రణయ్ చిన్నాయన నారాయణ గొంతు వినిపించింది. "ఆడివిల్లకు టైర్లెందుకే అంటే ఇన్నరా!"

సైకిల్‌ను గుట్ట మీంచి మోసుకొచ్చిన గొర్లకాపరి ఇస్తారిని జానకీదేవి ఒక్కటే అడిగింది. "తెచ్చేటప్పుడు టైరు ఎలా ఉంది?"

"కొబ్బరికాయ లెక్క ఉండె, దొరసాని. గడప కాడ చెయ్యి జారితె నడుమెత్తు ఎగిరింది."

చివర్న సుజిత్ వచ్చాడు. కొంపల్లి కాలనీలో ఉంటాడు, వాళ్ల నాన్నది కాకినాడ, బ్యాంకు ఉద్యోగం. ప్రణయ్‌తో కలిసి తొక్కేవాడు. భుజాన సంచిలోంచి గాలి పంపు గొట్టం తొంగిచూస్తోంది.

"ఆ రోజు గుట్ట మొదట్లో ఇద్దరం మంచినీళ్లు తాగామండీ. పైకి వాడొక్కడే వెళ్లాడు. పదో రోజు పనులకు సాయంగా వచ్చి ఆ రాత్రి ఇక్కడే పడుకున్నాను." గొంతు తగ్గించాడు. "దయ్యం అని శ్రీజని భయపెట్టకండి, మేడమ్. పిండిలో రెండు గీతలు పడితే చచ్చినవాడు వచ్చినట్టేనా?"

"కాదు బాబూ," అంది జానకీదేవి నెమ్మదిగా. "అస్సలు కాదు."

* * *

అందర్నీ ఆ గదిలోకే పిలిచింది. నేల మీద కొత్త పిండి పరిచి, ఖాళీ చక్రాన్ని దాని మీద దొర్లించింది. బాలమణి వేలు పెట్టింది. ఒక్క వేలు వెడల్పు.

"సృజనా, ఎక్కు."

సృజన కిటికీ ఊచలు పట్టుకుని, ఉన్న పరువంతా కూడగట్టుకుని ఎక్కింది. చక్రం కరకరమంటూ ముందుకు కదిలింది. మూడు వేళ్లు.

"దయ్యానికి బరువుండదు," అంది జానకీదేవి. "గంప కింద రెండు వేళ్ల గీత, మూడు వేళ్ల గీత ఉన్నాయి. అంటే బరువున్న మనిషే ఎక్కాడు. మొదటిసారి టైరు గట్టిగా ఉంది, రెండు వేళ్లే పడింది. కొంత గాలి తీసి మళ్లీ ఎక్కాడు, మూడు పడింది. శ్రీజ కొలిచేలోపు గాలి సరిచేసి పెట్టాడు. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు మూడు. ఇస్తారి మోసుకొచ్చినప్పుడు కొబ్బరికాయ. గాలి ఎక్కింది ఆ మధ్యలో, గుట్ట దగ్గర."

"మరి కర్మ పిండిల ఎవడు తొక్కుతడమ్మా?" నారాయణ నమ్మలేదు.

"ఈ ఊరివాడు కాదు, అది కర్మ పిండని తెలియనివాడు. ఆ మూల, ఆ గంప, ఆ పిండి చూసి ప్రణయ్ టెస్టింగ్ పిండే అనుకున్నాడు. పాత అలవాటు కొద్దీ ఎక్కి చూసుకున్నాడు. బాలమణిగారూ, రెండు గీతలని ఎవరికి చెప్పారు?"

"మీ ఇద్దరికే."

"సృజనా, సుజిత్ ఏమన్నాడో చదువు."

సృజన చదివింది. 'రెండు గీతలు' దగ్గర ఆగింది. రాసింది తనే. రాసినప్పుడు తట్టలేదు.

సుజిత్ పంపు ఉన్న సంచి భుజాన్నుంచి తీసి కింద పెట్టాడు. "సన్న టైరు కొనమని నేనే చెప్పాను, ఆంటీ. వాడు చెల్లెలి మాటే విన్నాడు. నీళ్లు తాగి వాడు చెట్ల వెనక్కెళ్లినప్పుడు నలభై దాకా కొట్టేశాను. ఆ టైరు టెస్టులో ఓడిపోతుందనుకున్నా. వాడు పడిపోతాడనుకోలేదు."

"పద్నాలుగొద్దులు," అంది శ్రీజ. "నేను సంపిన్ననుకుంటుంటె జూస్త ఉన్నవా, సుజితన్నా?"

చీకటి పడకముందే జీపొచ్చి అతన్నీ, సాక్ష్యంగా ఒంటి చక్రాన్నీ స్టేషన్‌కు తీసుకెళ్లింది.

శ్రీజ మాత్రం పళ్లెం ముట్టలేదు. "అన్న ఏమంటడో," అంది. "ఒకటోసారి గంప ఖరాబాయె గద. మళ్ల వెట్టమ్మా."

* * *

తెల్లారాక జానకీదేవి, సృజన వచ్చేసరికి తల్లీకూతుళ్లు గంప ముందు కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ చెయ్యి ఆడటం లేదు. చివరికి శ్రీజే లేపింది.

పిండి మధ్యలో ఒక గీత. సన్నగా, ఎక్కడా వంకర లేకుండా, ఈ చివర్నుంచి ఆ చివరకు.

ఎలుక తోక, అనుకుంది సృజన. కానీ పక్కన కాళ్ల గుర్తుల్లేవు. తాడేదైనా? చీమలా? చక్రం స్టేషన్‌లో తాళం వెనక ఉంది. ఆమె జానకీదేవి వైపు చూసింది. ఇరవై రెండేళ్లు అన్నిటికీ కారణాలు రాసిన మనిషి కిటికీలోంచి గుట్టను చూస్తోంది.

బాలమణి చూపుడువేలు గీతలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"ఒక్క వేలేనే," అంది. "బరువు దిగింది బిడ్డకు."

శ్రీజ చాలాసేపు ఆ గీతను చూసింది. తర్వాత చిన్నపిల్లలా తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఆకలైతాంది."

బాలమణి చేతులకంటిన పిండి కూడా దులుపుకోకుండా పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.