ఇరవై ఒక్క రోజులకోసారి ఫైలిన్

మొదటి రోజే కొట్టుకున్నారు. చేతులతో కాదు, కీబోర్డుతో.

"జరుగు. నీ లూప్‌కి ఆగడం తెలీదు," అంది ఫైలిన్.

"ఎక్కడ ఆగాలో నాకు తెలుసు," అన్నాడు తొన్‌క్లా.

"నీకు తెలిస్తే సరిపోదు బాబూ. దానికి చెప్పాలి."

చెప్పలేదు గనక అది ఆగలేదు. స్క్రీన్ నిండా అంకెలు చూరు నీళ్ళలా కారిపోతూనే ఉన్నాయి. ఆఖరికి కంప్యూటర్ బిగుసుకుపోయింది. ల్యాబ్‌లో ఉన్న ముప్ఫై మందీ వెనక్కి తిరిగి చూశారు. తొన్‌క్లా చెవులు ఎర్రబడ్డాయి. ఫైలిన్ గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

నేనక్కడ లేను. కాలేజీ గేటు బయట గుర్రబ్బండి మీద కునుకు తీస్తున్నాను. అయినా చూసినట్టే చెప్పగలను. తొన్‌క్లా మా ఇంట్లోనే, గుర్రపుశాల వెనక గదిలో అద్దెకుంటాడు. రోజూ సాయంత్రం జరిగింది జరిగినట్టు అప్పజెప్పి, "ఇప్పుడేం చెయ్యమంటావు తాతా?" అంటాడు. నేను గుడి బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా అడిగాడు కదా, సలహా ఇస్తాను. ఈ కథలో జరిగిన పొరపాట్లలో సగం ఆ సలహాలే.

థాయ్‌లాండ్ ఉత్తరాన మా లంపాంగ్‌లో నాకు కోతలరాయుడని పేరుంది. మా గుర్రం సేనాపతి వరదలో వాంగ్ నది ఈదుతూ నడిమధ్యలో ఓ కునుకు తీసి లేచిందంటే ఎవరూ నమ్మరు. మానెయ్యండి. ఈ కథ మాత్రం నిజం.

తొన్‌క్లా అంటే మా భాషలో వరినారు. మనిషీ అంతే, గాలి ఎటొస్తే అటు ఒంగుతాడు. ఫైలిన్ అంటే నీలం రాయి. ఆ పిల్ల ఒంగే రకం కాదు.

వాళ్ళ టీచరమ్మ పద్ధతి వేరు. ఇద్దరికి ఒకే కంప్యూటర్. ఒకరు టైపు చెయ్యాలి, రెండోవాళ్ళు పక్కన కూర్చుని తప్పులు పట్టాలి. ఇరవై నిమిషాలకోసారి చోటు మార్చుకోవాలి. ఆఖరి పరీక్ష కూడా జంటగానే. జంట లేనివాళ్ళకి పరీక్ష లేదు.

రెండు వారాలు రోజూ పోట్లాటే. బ్రాకెట్ మర్చిపోయావని ఆ పిల్ల, నువ్వు మాత్రం మర్చిపోలేదా అని వీడు. ఇంటికొచ్చి నామీద ఎగిరేవాడు. "రాక్షసి తాతా! నిమిషం ఊపిరి తీసుకోనివ్వదు!" అంటూనే అద్దంలో జుట్టు సర్దుకునేవాడు. నేను గుర్రానికి గడ్డి వేస్తూ లోలోపల నవ్వుకునేవాణ్ణి.

మూడో వారంలో దిగాలుగా వచ్చాడు.

"ఇవాళ పోట్లాడలేదు తాతా. తప్పు చేశాను, చూసి ఊరుకుంది. మొహం పాలిపోయి ఉంది. టేబుల్ మీద తల పెట్టుకుని నిద్రపోయింది."

"నీ కోడ్ చదివితే ఎవరికైనా నిద్రొస్తుంది."

"నవ్వకు తాతా."

మర్నాడు ఆ పిల్ల రాలేదు. ఆ మర్నాడు వచ్చింది, బుగ్గలు మెరుస్తూ. కూర్చోకముందే మూడు తప్పులు పట్టింది. మూడు వారాలు తిరిగేసరికి మళ్ళీ అదే తంతు.

"కవలలై ఉంటారు," అన్నాను నేను. "ఒకతి గడుసుది, ఒకతి మెతకది. మా ఊళ్ళో ఇలాగే ఒకడు కవలల్లో ఒకర్ని ప్రేమించి, ఇంకొకర్ని పెళ్ళాడి, మూడోవాళ్ళతో కాపురం చేశాడు."

"కవలలైతే మూడోది ఎక్కణ్ణుంచొచ్చింది తాతా?"

"అదే కదా వాడి బాధ!"

వాడు నా మాట పక్కన పెట్టి కాగితం తీశాడు. చదువుకున్నవాడు కదా, తేదీలు వేసి గీతలు గీశాడు. ఇరవై ఒక్క రోజులు. ఒకటి అటూ ఇటూ కాలేదు. ఇరవై ఒక్క రోజులకోసారి ఆ పిల్ల ముందు వాడిపోతుంది, తర్వాత మాయమవుతుంది, తర్వాత వికసిస్తుంది.

"లెక్క దొరికింది, అర్థం దొరకలేదు," అన్నాడు తల పట్టుకుని.

ఆ అర్థం ఓ రోజు దొరికింది. దొరికిందనుకున్నాం. గేటు దగ్గర బైకు ఆగింది. నడిపేవాడు దిట్టమైన భుజాలున్న మనిషి. వెనక నుంచి ఫైలిన్ దిగింది. అతను ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల రెండు మణికట్లకీ తెల్ల నూలు దారాలు, అప్పుడే కట్టినవి. తొన్‌క్లా బండి పక్కనే నిలబడి చూశాడు. నేనూ చూశాను.

"రెండు చేతులకీ దారాలు," అన్నాడు నీరసంగా. "తాతా, ఎప్పుడు కడతారు?"

నేను ఎనభై పెళ్ళిళ్ళలో కొత్తజంటల చేతులకి దారాలు కట్టినవాణ్ణి. ఇంకో సందర్భం ఆ క్షణంలో తట్టలేదు. "పెళ్ళిలో," అనేశాను. "మొగుడు దూరాన ఉద్యోగం చేస్తున్నట్టున్నాడు. మూడు వారాలకోసారి వస్తాడు. రాకముందు దిగులు, వచ్చాక కళ. నీ లెక్క సరిపోయింది!"

సరిపోయింది గనకే వాడు ఏడవలేక నవ్వాడు. ఆ సాయంత్రమే జంట మార్చమని టీచరమ్మకి కాగితం రాసిచ్చేశాడు. నన్ను అడగను కూడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫైలిన్ మా గుర్రపుశాలకే వచ్చేసింది. అదే సమయానికి వాన దిగింది. మా రేకుల కప్పు మీద వాన పడితే పక్కవాడి మాట వినపడదు. అందుకని, గుసగుసలాడుకోవాల్సిన చోట వాళ్ళిద్దరూ గొంతులు చించుకోవాల్సొచ్చింది.

"జంట మార్చమని రాసిచ్చావా?"

"మీ ఆయనకి బాగుండదని!"

"మా ఎవరికి?"

"బైకు మీద వచ్చాడే, ఆయనకి!"

"ఫూ గాడికా? వాడు మా అన్నయ్య!"

వాన ఒక్క క్షణం తగ్గినట్టనిపించింది. తొన్‌క్లా ఆ పిల్ల చేతుల వైపు చూపించాడు. "మరి ఆ దారాలు?"

"మా అమ్మమ్మ కట్టింది. మనిషికి ముప్ఫై రెండు ప్రాణాలంటారు కదా పెద్దలు, అందులో ఎన్ని ఆసుపత్రిలో జారిపోయాయో అని, నేనొచ్చిన ప్రతిసారీ పేరు పెట్టి పిలిచి కట్టేసుకుంటుంది." అప్పుడు నా వైపు తిరిగింది. "పెద్దవాళ్ళు, మీరైనా చెప్పొద్దా తాతా? జబ్బు పడి లేచినవాళ్ళకి కట్టరూ?"

కడతారు. మా ఆవిడకి నేనే మూడుసార్లు కట్టాను. నాకు సేనాపతి కాళ్ళు తుడవాల్సిన పని గుర్తొచ్చింది.

"జబ్బా?" అన్నాడు వాడు.

"తలసేమియా. నా ఒంట్లో నెత్తురు సరిగ్గా తయారవదు. మూడు వారాలకోసారి ఎవరిదో తెచ్చి ఎక్కిస్తారు. అది అయిపోవచ్చేసరికి నేనూ అయిపోతాను. ఎక్కించాక మళ్ళీ వచ్చి నీ ప్రాణం తీస్తాను. చిన్నప్పట్నుంచీ ఇంతే, ఇక ముందూ ఇంతే."

"నాతో ముందే చెప్పొచ్చు కదా!"

"పోయినేడు చెప్పాను, నా జంటగా ఉన్నమ్మాయికి. బంగారం లాంటిది. నా సంచి మోసింది. నా వంతు కోడ్ కూడా తనే రాసింది. పాపం జబ్బు పిల్ల అని నా తప్పు ఒక్కటీ చెప్పలేదు. పరీక్షలో టీచర్ అడిగితే నాకు ఒక్కదానికీ జవాబు రాలేదు. ఏడాది పోయింది." ముంగురుల్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకుంది. "నువ్వొచ్చిన మొదటి వారం బ్రాకెట్ మర్చిపోయానని మీద పడి అరిచావు. ఎంత హాయిగా ఉండిందో తెలుసా? ఇప్పుడు నువ్వూ పోతే ఈ ఏడూ పోయినట్టే. పరీక్షకి పద్దెనిమిది రోజులే ఉంది. ఇంకెవరొస్తారు నాతో?"

వాడు గొడుగు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు, కాగితం వెనక్కి తీసుకోడానికి. ఫైలిన్ నా బండి ఎక్కి కూర్చుని, "మీవాడికి మొత్తం తిక్కేనా తాతా?" అంది.

"సగం," అన్నాను. "మిగతా సగం నాది."

కాగితం వెనక్కొచ్చింది గానీ మనిషి మారిపోయాడు. మర్నాటి నుంచి సంచి అందుకోబోవడం, ఫ్యాను ఆ పిల్ల వైపు తిప్పడం, "అలిసిపోయావా?" అని అడగడం. మూడో రోజు ఫైలిన్ కావాలనే ఒక తప్పు టైపు చేసింది. గుడ్డివాడికైనా కనపడే తప్పు.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగుంది," అన్నాడు.

ఆ పిల్ల లేచి వెళ్ళిపోయింది.

"ఏం చెయ్యను తాతా?" అంటూ గుర్రం పక్కన గడ్డిలో కూలబడ్డాడు. "అరిస్తే పాపమనిపిస్తోంది. అరవకపోతే తనకి కోపం. నాకు తల తిరుగుతోంది. ప్రేమంటే జాగ్రత్తగా చూసుకోవడం కాదా?"

మొదటిసారి వాడి నోట్లోంచి ఆ మాట వచ్చింది. వాడికే తెలీలేదు. నేను సలహా ఇవ్వబోయి, దారాల సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ వారంలో వాడొక రోజు ఒంటరిగా ఎక్కడికో వెళ్ళి, మోచేతి దగ్గర దూది అతికించుకుని వచ్చాడు. ఏమిట్రా అంటే దోమ కుట్టిందన్నాడు. దోమకి దూది అతికించేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు.

పరీక్ష సరిగ్గా ఇరవయ్యో రోజున పడింది. ఫైలిన్‌ని నేనే బండి మీద దింపాను. పెదాలు కూడా తెల్లబడ్డాయి. ఆసుపత్రిలో తన కోసం నెత్తురు సిద్ధంగా ఉంది, పరీక్ష అవగానే అటే వెళ్ళాలి. లోపల జరిగింది వాడు చెప్పినట్టే చెబుతాను.

ఆసుపత్రిలో చీటీ నంబర్లు పిలిచే ప్రోగ్రామ్ రాయమన్నారట. వాడు టైపు చేస్తున్నాడు, ఆ పిల్ల కళ్ళు సగం మూసుకుని చూస్తోంది. గంట గడిచింది.

"తప్పు," అంది నీరసంగా. "ఆఖరి మనిషిని పిలవడం లేదు నువ్వు."

"పిలుస్తున్నాను."

"ఒకటి కలుపు."

వాడి చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. పక్కన తెల్లబడ్డ మొహం. కలిపేస్తే గొడవ లేదు. వాడికీ కలిపెయ్యాలనే అనిపించిందట.

"కలపను," అన్నాడు. "నువ్వు ఒకటి నుంచి లెక్కపెడుతున్నావు. ఇది సున్నా నుంచి మొదలవుతుంది. నీదే తప్పు. కళ్ళు తెరిచి చూడు!"

ల్యాబంతా మళ్ళీ వెనక్కి తిరిగింది. ఫైలిన్ నిటారుగా కూర్చుంది. వేలితో ఒక్కో వరసా చదివింది. చదువుతుంటే ఆ మొహంలోకి రంగొచ్చిందట. ఎవరి నెత్తురూ ఎక్కించకుండానే. ఇది వాడి కోత, నాది కాదు.

"నాదే తప్పు," అంది. ఆ తర్వాత టీచరమ్మ వచ్చి అడిగిన ప్రశ్నలన్నిటికీ ఆ పిల్లే జవాబు చెప్పింది. సున్నా సంగతి రెండుసార్లు విడమరచి చెప్పింది. టీచరమ్మ ఇద్దరి పేర్ల పక్కనా టిక్కు పెట్టింది.

సేనాపతి ఆ రోజు ఆసుపత్రి దాకా నడవలేదు, ఎగిరింది. నాలుగు బస్సుల్ని దాటాం. మీరు నమ్మకపోతే బస్సు డ్రైవర్లని అడగండి.

వార్డులో మంచం పక్కన ఫైలిన్ వాళ్ళ అమ్మమ్మ ముందే కూర్చుని ఉంది. ఇంత గట్టి మనిషి, తెల్ల ముడి, ఒళ్ళో మా వైపు తినే బంకన్నం పొట్లం. నర్సు సూది పెట్టి, నెత్తురు సంచి తగిలించి, తొన్‌క్లాని చూసి చేతులు నడుమ్మీద పెట్టుకుంది.

"నువ్వే కదా ఆ రోజు సూది చూసి పడిపోయింది? నీ రిపోర్ట్ వచ్చి మూడు రోజులైంది, తీసుకెళ్ళవేం? పెళ్ళికి ముందు చేయించుకునే పరీక్షని నిర్లక్ష్యం చేస్తారా ఎవరైనా?"

కవరు వాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. వార్డులో ఉన్న పది మంచాలూ మావైపే చూస్తున్నాయి.

"ఎవరితో పెళ్ళి?" అంది ఫైలిన్.

వాడు నేల చూశాడు, కప్పు చూశాడు, నన్ను చూశాడు. నేను కిటికీలోంచి గుర్రాన్ని చూశాను.

"ఇంకా అడగలేదు," అన్నాడు ఆఖరికి. "నా నెత్తురులో కూడా అదే ఉంటే... పిల్లలకి కష్టమంటారు కదా. అందుకని ముందే..."

"పిల్లలా! నాకింతవరకు ఒక గిన్నెడు నూడిల్స్ కొనిపెట్టలేదు నువ్వు. పిల్లల దాకా వెళ్ళిపోయావా?"

అమ్మమ్మ పొట్లంలోకి తల వంచుకుని ఊగిపోతోంది. నవ్వో ఏడుపో తెలీలేదు.

"అందులో ఏముంది?" అంది ఫైలిన్.

"చూళ్ళేదు. భయమేసింది."

"ఇటివ్వు."

సూది లేని చేత్తో పట్టుకుని, పళ్ళతో కవరు చించింది. చదివింది. మొహం చూస్తే ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"నీకు లేదు," అంది.

వాడు ఊపిరి వదిలాడు. వెంటనే మళ్ళీ బిగబట్టాడు. "ఉండి ఉంటే?"

"ఉండి ఉంటే ఇద్దరం కూర్చుని వేరే దారి ఆలోచించేవాళ్ళం. నువ్వు ఒకటి చెప్పేవాడివి, నేను తప్పనేదాన్ని." కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. "మళ్ళీ మూడు వారాలకి ఇక్కడే ఉంటాను. తర్వాతా అంతే."

"నేనూ రానా?"

ఆ పిల్ల అమ్మమ్మ వైపు చూసింది. ముసలమ్మ పొట్లం పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచింది.

"రోగి పక్కన కుర్చీ ఒకటే వేస్తారు బాబూ," అంది. "నాకు నడుం పడిపోతోంది. నువ్వు కూర్చుంటే నేనింటికి పోయి పడుకుంటాను."

వాడు కూర్చున్నాడు. కూర్చున్న అరనిమిషానికే ఏదో అన్నాడు, ఆ పిల్ల "కాదు" అంది. మేం తలుపు దాకా వచ్చేసరికి గట్టిగా వాదించుకుంటున్నారు.

అమ్మమ్మకి చెయ్యి అందించి బండి ఎక్కించాను. వంతెన దాటాక తువ్వాలు కొసతో కళ్ళు ఒత్తుకుంది.

"పదిహేడేళ్ళు కూర్చున్నాను ఆ కుర్చీలో," అంది. "నెమ్మదిగా పోనీ అన్నయ్యా. ఊరు చూసి చాలా రోజులైంది."