బాతు పడవల రేవు

“ఎడమవైపు తిరగాలి నాన్నా! నా వెనకే రండి!” అని కేకేసింది పిడుగు.

పిడుగుకి అసలు పేరు వేరే ఉంది. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తుకు రాదు. పుట్టినప్పుడు తన ఏడుపు విని తాతయ్య పెట్టిన పేరే నిలిచిపోయింది. పదేళ్లు వచ్చినా ఆ గొంతు మాత్రం తగ్గలేదు.

సెలవులకు అమ్మానాన్నలతో కలిసి సరస్సు ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చింది. పెద్ద నగరంలో లోకల్ రైలెక్కితే ఇదే చివరి స్టేషన్. నిన్న సాయంత్రం దిగారు. రాత్రి ఒక చుట్టు, పొద్దున ఇంకో చుట్టు తిరిగేసరికి ఊరంతా తనకి కొట్టిన పిండి అయిపోయిందని పిడుగు నమ్మకం.

“ఇవాళ గైడుని నేనే. మీరు ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు” అని టిఫిను తింటూనే చెప్పేసింది.

పిడుగు మనసంతా గట్టు చివర ఉన్న పాత లైట్‌హౌస్ మీదే ఉంది. దాని మెట్లన్నీ మధ్యలో ఎక్కడా ఆగకుండా ఎక్కాలి. అందుకోసం ఇంటి దగ్గర లిఫ్టు మానేసి, రోజూ మెట్లే ఎక్కి దిగింది. పొద్దున వెళితే లోపల రంగులు వేస్తున్నారు, మధ్యాహ్నం రమ్మన్నారు. ఐదింటికి మూసేస్తారు. రేపు పొద్దున్నే తిరుగు రైలు. అంటే ఉన్నది ఈ పూటే.

“కాస్త నెమ్మదిగా నడవవే పిడుగా! కొత్త చెప్పులు కరిచేస్తున్నాయి” అంది వెనక నుంచి అమ్మ.

పోస్టాఫీసు మలుపులో ఒక బామ్మగారు వాళ్లకి ఎదురొచ్చింది. భుజాన ఒక సంచి, చేతిలో ఇంకో సంచి. ఒక మోకాలు సరిగ్గా వంగడం లేదు కాబోలు, ఆ కాలు కర్రలా వేస్తూ నడుస్తోంది.

“బాబూ, పడవల రేవు ఎటు?” అని నాన్నని అడిగింది.

“మేం కూడా ఊరికి కొత్తేనండీ, తెలీ...” అని నాన్న అంటూ ఉండగానే పిడుగు ముందుకి వచ్చేసింది. రేవు తనకి తెలియకపోవడమేమిటి? లాడ్జి కిటికీలోంచి పొద్దున్నే చూసింది.

“ఇటు బామ్మగారూ! గట్టు వెంట తిన్నగా వెళ్లిపోండి. పార్కు దాటాక వస్తుంది” అంది చెయ్యి చాపి.

“నీకు గట్టిగా తెలుసా తల్లీ? నాకు టైమ్ లేదు.”

“తెలుసు! ఈ ఊరంతా నాకు తెలుసు!”

“చల్లగా ఉండమ్మా” అని బామ్మగారు సంచీలు సర్దుకుని గట్టువైపు నడిచింది.

పిడుగు గొప్పగా నాన్న మొహంలోకి చూసింది.

నాలుగు అడుగులు వేశారో లేదో, అమ్మ మడమ మీద చర్మం లేచిపోయింది. పక్కనే మందుల షాపు ఉంటే ప్లాస్టర్ కోసం లోపలికి వెళ్లారు. షాపు ఆవిడ అమ్మకి స్టూలు వేసింది.

అంతలో షాపు వెనక నుంచి “భోం...” అని పెద్ద చప్పుడు వినిపించింది.

“అదేంటి ఆంటీ?” అంది పిడుగు ఉలిక్కిపడి.

“లాంచీ కూత. అవతలి ఒడ్డు నుంచి వచ్చింది. జనాన్ని ఎక్కించుకుని కాసేపట్లో మళ్లీ వెళ్లిపోతుంది.”

“లాంచీ ఇక్కడికి ఎందుకు వస్తుంది? రేవు పార్కు అవతల కదా?”

షాపు ఆవిడ నవ్వింది. “అది బాతు పడవల రేవమ్మా! పిల్లలు సైకిల్లా తొక్కుకుంటూ ఒడ్డు దగ్గరే తిరుగుతారే, అవి. ఊళ్లకి వెళ్లే లాంచీల రేవు ఇదిగో, ఈ పోస్టాఫీసు వెనకే.”

పిడుగు గబుక్కున పోస్టాఫీసు వైపు తిరిగింది.

బామ్మగారు అడిగిన చోటు నుంచి సందు తిరిగితే చాలు, రేవు. తను ఆమెని ఊరి ఆ చివరికి పంపించింది!

అమ్మ మడమకి ప్లాస్టర్ అంటించుకుంటోంది. నాన్న ఫోన్ చూసుకుంటున్నాడు. ఎవరూ తనని ఏమీ అడగలేదు. పిడుగు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. షాపు గుమ్మంలోంచి చూస్తే వీధి చివర లైట్‌హౌస్ తెల్లగా మెరుస్తోంది. ఇప్పుడు బయల్దేరితే హాయిగా ఎక్కి దిగొచ్చు.

‘బామ్మగారు ఇంకెవరినైనా అడుగుతుందిలే’ అనుకుంది. కానీ వెంటనే ఆ కర్రలాంటి కాలు గుర్తొచ్చింది. రెండు సంచీలు గుర్తొచ్చాయి.

“నాన్నా, నేను పప్పులో కాలేశాను” అంది. ఈసారి గొంతు బయటికి రాలేదు. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.

నాన్న అంతా విన్నాడు. “దారిలో ఎవరో ఒకరు చెప్తారులేరా. ఆవిడ చిన్నపిల్ల కాదుగా” అన్నాడు.

“చెప్పకపోతే? పంపింది నేను. నేనే వెళ్లి తీసుకురావాలి.”

“మరి లైట్‌హౌస్?”

పిడుగు ఒక్కసారి అటు చూసింది. పార్కు దానికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంది.

“అది ఎక్కడికీ పోదు. లాంచీ పోతుంది” అంది.

అమ్మ స్టూలు మీద నుంచే చెయ్యి ఊపింది. “ఇద్దరూ వెళ్లండి. నేను మెల్లగా లాంచీ రేవుకి వచ్చి కూర్చుంటా.”

పిడుగు పరుగు అందుకుంది. వెనకాలే నాన్న. గట్టు మీద షికారుకి వచ్చినవాళ్లు, ఐస్‌క్రీమ్ బండి, కుక్కని తిప్పుతున్న పెద్దాయన. అందరినీ తప్పించుకుంటూ పరిగెత్తింది. డొక్కలో నొప్పి పుట్టింది. అయినా ఆగలేదు. పార్కు మధ్యలో నాన్న ఒగరుస్తూ, “కాస్త... ఊపిరి... తీసుకోనీరా!” అన్నాడు.

“అక్కడికి వెళ్లాక తీసుకుందాం!” అంది.

పార్కు దాటగానే బాతు పడవలు కనిపించాయి. తెల్లవి, పచ్చవి. టికెట్ కిటికీ ముందు పిల్లలు గోలగోలగా వరసకట్టి ఉన్నారు. ఆ పక్కన బెంచీ మీద బామ్మగారు సంచీలు ఒళ్లో పెట్టుకుని, మోకాలు రుద్దుకుంటూ కూర్చుంది.

“బామ్మగారూ!”

ఆమె తలెత్తింది. మొహంలో నవ్వు లేదు. “ఏమ్మా, అవతలి ఒడ్డుకి నన్ను బాతు మీద పంపుదామనుకున్నావా?”

పిడుగు మొహం కందగడ్డలా అయింది. ఏవేవో సాకులు నాలుక చివరిదాకా వచ్చాయి. రెండూ పడవలే కదా. కిటికీలోంచి అన్నీ ఒకేలా కనిపించాయి కదా. వాటన్నిటినీ మింగేసింది.

“నాకు తెలీదు బామ్మగారూ. తెలీకపోయినా తెలిసినట్టు చెప్పాను. అసలు రేవు మీరు నన్ను అడిగిన చోటికి దగ్గర్లోనే ఉంది. రండి, తీసుకెళ్తాను. ఈసారి అడిగి తెలుసుకునే వచ్చాను.”

అంటూనే పెద్ద సంచి అందుకుని భుజాన వేసుకుంది. అది బరువుకి ఒక పక్కకి లాగేసింది. రెండోది నాన్న తీసుకున్నాడు.

“అందులో ఏమున్నాయి బామ్మగారూ, రాళ్లా?”

“మా అక్క చీరలు, నా చీరలు. రేపు పొద్దున మా అక్క కంటికి ఆపరేషన్. నాకంటే పెద్దది, కానీ సూది చూస్తే చాలు వణికిపోతుంది. నేను పక్కన లేకపోతే కన్నే తెరవనంటోంది. కంటి ఆపరేషన్‌కి వెళ్లి కన్ను తెరవకపోతే పాపం ఆ డాక్టరు ఏం చేస్తాడు?”

నాన్న పక్కున నవ్వాడు. పిడుగుకి నవ్వు రాలేదు. ఆ అక్కగారు ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఎదురు చూస్తున్నట్టు కళ్లకి కట్టింది.

వచ్చినంత వేగంగా తిరిగి వెళ్లలేకపోయారు. బామ్మగారి మోకాలు మాట వినలేదు. పిడుగు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి సంచి మార్చుకుంటూ, పక్కనే అడుగులో అడుగు వేసింది. “ఇంకొంచెం బామ్మగారూ. ఆ ఎర్ర గేటు దాకా. ఇప్పుడు ఆ కరెంటు స్తంభం దాకా” అంటూ నడిపించింది. సంచి పట్టీ భుజాన్ని కోసేస్తున్నా, నాన్న చెయ్యి చాపినా ఇవ్వలేదు.

పోస్టాఫీసు సందు తిరిగారు. రేవు కనిపించింది. లాంచీ కూడా కనిపించింది. అది అప్పుడే ఒడ్డు విడిచి నీళ్లని రెండు పాయలు చేసుకుంటూ వెళ్లిపోతోంది.

“ఆగండి! ఆగండీ!” అని పిడుగు తన గొంతు మొత్తం పెట్టి అరిచింది. గట్టు మీద పావురాలన్నీ లేచిపోయాయి. లాంచీ మాత్రం ఆగలేదు.

పిడుగు సంచి కింద పెట్టింది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. “నా వల్లే” అంది.

బామ్మగారు రేవు బెంచీ మీద కూలబడి, వెళ్లిపోతున్న లాంచీ వంక చూస్తూ కూర్చుంది. అప్పటికే కుంటుకుంటూ వచ్చి అక్కడ కూర్చున్న అమ్మ, ఆమెకి మంచినీళ్ల సీసా అందించింది.

నాన్న టికెట్ కిటికీ దగ్గర కనుక్కుని వచ్చాడు. “అవతలి ఒడ్డుకి ఆరింటికి ఇంకో లాంచీ ఉందటండీ. ఇవాళ్టికి అదే ఆఖరిది.”

తర్వాత నాన్న ఫోన్ నుంచి బామ్మగారు వాళ్ల అక్కకి చేసింది. అటునుంచి ఆవిడ వేసిన కేకలు అందరికీ వినిపించాయి.

“వస్తున్నానే! చీకటి పడేసరికి అక్కడుంటా. నువ్వు ముందు అన్నం తిను. ఆ... ఒక చిన్న పిల్ల దారి తప్పు చెప్పింది... ఆ... ఆ పిల్లే మళ్లీ వచ్చి నన్ను వెతుక్కుని, సంచి మోసుకొచ్చింది.” ఫోన్ పెట్టేసి పిడుగు వైపు తిరిగింది. “మా అక్క నిన్ను సగం తిట్టమంది, సగం మెచ్చుకోమంది. ఏది ముందు కావాలి?”

“తిట్లే ముందు” అంది పిడుగు.

“అంత గట్టిగా చెప్పేసరికి నేను దారిలో ఇంకెవరినీ అడగలేదు. అదీ తిట్టు. ఇక మెచ్చుకోలుకి ఇలా వచ్చి కూర్చో. కాళ్లు నొప్పెట్టడం లేదూ?” అని బామ్మగారు బెంచీ మీద జరిగి చోటిచ్చింది.

“నువ్వూ నాన్నా ఇప్పుడు పరిగెత్తితే లైట్‌హౌస్ అందుతుందేమో. నేను ఇక్కడ బామ్మగారికి తోడుంటాగా” అంది అమ్మ.

పిడుగు తల అడ్డంగా ఊపింది. “వద్దు. బామ్మగారిని లాంచీ ఎక్కించాకే కదులుతాను.”

ఐదయింది. లైట్‌హౌస్ మూసేసి ఉంటారు. పిడుగు ఒక్కసారి అటు చూసి బెంచీ మీద సర్దుకుంది. బామ్మగారు తను, అక్క చిన్నప్పుడు అవతలి ఒడ్డున ఈ సరస్సులో ఈత నేర్చుకుంటూ ఎన్ని నీళ్లు మింగారో చెబుతుంటే వింటూ కూర్చుంది. రెండు మూడుసార్లు గట్టిగా నవ్వింది కూడా.

రేవు మెల్లగా జనంతో నిండింది. సైకిళ్లు, బుట్టలు, బ్యాగులు. ఆరు కావస్తుండగా లాంచీ వచ్చి ఒడ్డుకి ఆనింది. అప్పుడే ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని ఒకాయన హడావిడిగా వచ్చాడు. బెంచీ అంచున ఉన్న పిడుగునే అడిగాడు.

“పాపా, కొత్త వంతెన దగ్గర ఆగేది ఈ లాంచీయేనా?”

“ఆ, ఇ...” అని పిడుగు నోరు అలవాటుగా తెరుచుకుంది. అవతలి ఒడ్డుకి వెళ్లేది ఇదే కదా, మరి వంతెన దగ్గర ఆగదా ఏమిటి? నోరు మూసుకుంది. బెంచీ మీద నుంచి లేచింది.

“నాకు తెలీదండీ. ఒక్క నిమిషం ఆగండి, కనుక్కొస్తాను.”

టికెట్ కిటికీ దగ్గరికి పరుగున వెళ్లి మునివేళ్ల మీద నిలబడింది. “ఆంటీ, ఈ లాంచీ కొత్త వంతెన దగ్గర ఆగుతుందా?”

“ఆగదమ్మా. వంతెనకి వెళ్లేది పక్క మెట్ల దగ్గరున్న నీలం లాంచీ.”

“మీకు గట్టిగా తెలుసా, ఊరికే చెప్తున్నారా?”

టికెట్లావిడ కళ్లజోడు పైకి తోసుకుని పిడుగుని ఎగాదిగా చూసింది. “రోజూ నా ఇంటికి నేను దాన్లోనే వెళ్తానమ్మా” అంది.

పిడుగు వెనక్కి పరిగెత్తింది. ఒక చేత్తో బామ్మగారి సంచి ఎత్తుకుంటూ, రెండో చేత్తో నీలం లాంచీని చూపించింది.

“ఇది కాదండీ, అదిగో, అది. నాకు తెలీదు, అక్కడ అడిగి వచ్చి చెప్తున్నాను.”